పద్దెనిమిది వేల కన్సల్టెన్సీ, పదకొండు వందల జిరాక్స్ కొట్టు: బరంపురంలో రీసెర్చ్ గ్రాంటుకి అప్లై చేసిన వైనం

ముందే చెప్పేస్తున్నాను, ఇది ఒక జిరాక్స్ కొట్టు మీద రివ్యూ. బరంపురం పాత బస్టాండు వైపు ఒక సందులో ఉంటుంది. బోర్డు మీద అక్షరాలు ఎండకి వెలిసిపోయాయి, పేరు చదవడానికి రాదు, పక్కనే ఆలూ చాప్ వేసే బండి ఉంటుంది కాబట్టి ఆ వాసన పట్టుకుని వెళ్ళిపోవచ్చు. లోపల రెండు కంప్యూటర్లు, ఒక పెద్ద జిరాక్స్ మెషీను, స్పైరల్ బైండింగు, లామినేషను. పెళ్ళి శుభలేఖలు, పరీక్ష ఫీజులు, పాన్ కార్డు ఫారాలు అన్నీ అక్కడే చేస్తారు. నేను వెళ్ళింది మాత్రం రీసెర్చ్ ప్రాజెక్టుకి గ్రాంటు అడిగే దరఖాస్తు పని మీద. ఐదుకి మూడున్నర ఇస్తాను, ఆ ఒకటిన్నర ఎందుకు కోశానో కూడా చెప్తాను.

నేను గంజాం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెప్తాను. ఇంట్లో తెలుగు, క్లాసులో ఒడియా, కాగితం మీద ఇంగ్లీషు, ఇక్కడ పుట్టి పెరిగిన మన వాళ్ళందరి బతుకూ ఇంతే కదా. పీహెచ్‌డీ అయ్యి ఆరేళ్ళు దాటింది, అప్పట్నించీ ఒక ప్రాజెక్టు వెయ్యాలి వెయ్యాలి అనుకోవడమే. సబ్జెక్టు మన ఊరిదే, బరంపురం పట్టు. ఊరికి సిల్క్ సిటీ అని పేరొచ్చింది ఆ చీర వల్లే, అంచులో కుంభాల వరస ఉండే ఆ చీరనీ, మగవాళ్ళు కట్టుకునే జోడానీ నేసేది ఎక్కువగా దేరా వాళ్ళు, అంటే మన దేవాంగులే, ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. రెండేళ్ళకోసారి జరిగే మా ఊరి అమ్మవారు బుఢీ ఠాకురాణీ జాతరలో ఠాకురాణి పుట్టింటివాళ్ళ హోదా కూడా వాళ్ళదే, కులపెద్ద దేశిబెహరా ఇంటినుంచే అంతా నడుస్తుంది. ఆ ఇళ్ళల్లో మగ్గం మీద కూర్చునే మగాడికి కూలి లెక్క ఉంటుంది. కండెలు చుట్టే, పడుగు సర్దే, అచ్చులు అతికే ఆడవాళ్ళ పనికి ఏ లెక్కా ఉండదు. దాన్ని కొలవాలన్నది నా ఆలోచన. ఇంత మాత్రం చెప్పడానికి నాకు రెండేళ్ళు, పంతొమ్మిది వేల పైచిలుకు రూపాయలు పట్టాయి.

పద్దెనిమిది వేల సంగతి ముందు కానిద్దాం.

కిందటేడు ఒక సాయంత్రం ఫోన్‌లో ఏదో చూస్తుంటే ప్రకటన వచ్చింది, రీసెర్చ్ ప్రపోజల్ రాసిపెడతాం, అప్రూవల్ గ్యారంటీ అని. గ్రాంటు ఇచ్చేది నిపుణుల కమిటీ, మధ్యలో వీళ్ళెవరు గ్యారంటీ ఇవ్వడానికి అని అప్పుడే అనుకోవాలి. అనుకోలేదు. రోజుకి నాలుగు క్లాసులు, మధ్యలో కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ళ ఫైళ్ళు, ఇంటికొస్తే వేల్యుయేషన్ కట్టలు, పిల్లాడి ట్యూషను, ఇన్నిట్లో కూర్చుని ఇరవై పేజీలు రాసే ఓపిక లేక డబ్బుతో పోతుందిలే అనుకున్నాను. చదువుకున్నదాన్ని అయ్యుండి పడ్డాను. ఫోన్ చేస్తే ఒక కుర్రాడు హిందీలో మ్యామ్ మ్యామ్ అంటూ అరగంట మాట్లాడి తొమ్మిది వేలు అడ్వాన్సు వేయించుకున్నాడు, మిగతా తొమ్మిది ఫైల్ ఇచ్చేటప్పుడు. వాళ్ళు పంపిన బ్రోచర్‌లో ఇంకా సెర్బ్ ప్రాజెక్టులు ఇప్పిస్తాం అని ఉంది, సెర్బ్ అంటే సైన్సు రీసెర్చ్‌కి డబ్బిచ్చిన కేంద్ర సంస్థ. సెర్బ్ ఎక్కడుంది ఇంక, 2023లో చట్టం చేసి అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టి దాన్ని అందులో కలిపేశారు. నాది సోషల్ సైన్స్ కాబట్టి అది నాకు సంబంధం లేదని ఊరుకున్నాను కానీ, ఆ ఒక్క ముక్క చాలు వీళ్ళు ఎన్నాళ్ళ కిందటి సరుకు అమ్ముతున్నారో తెలియడానికి.

తొమ్మిదో రోజున ఇరవై రెండు పేజీల ఫైలు వచ్చింది. రంగురంగుల బొమ్మలు, బాణాలు, చూడ్డానికి భలే ఉంది. ఆరో పేజీకి వచ్చేసరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బరంపురం పట్టణం భాగీరథీ నది ఒడ్డున ఉంది, నవాబుల కాలంనుంచి పట్టుకి ప్రసిద్ధి అని రాశారు! సంగతేంటంటే బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లాకి కూడా, ఇంగ్లీషులో బెర్హంపూర్ అని ఇదే పేరున్న ఊరే జిల్లా కేంద్రం, అక్కడ కూడా పట్టే. రైల్వే వాళ్ళు మాత్రం జాగ్రత్తపడ్డారు, మన స్టేషన్ కోడ్ బీఏఎమ్, వాళ్ళది బెర్హంపూర్ కోర్ట్, బీపీసీ. ఆ ఫైలు రాసినవాడికి మాత్రం రెండూ ఒకటే అయిపోయాయి. సాహిత్య సమీక్ష మొత్తం ముర్షిదాబాద్ పట్టు మీద, మల్బరీ తోటల మీద. ఒక్క దేరా ఇల్లు లేదు, నేతగాళ్ళ పేట బిజిపూర్ ఊసే లేదు, గంజాం అన్న మాటే లేదు.

ఫోన్ చేసి చెప్తే సారీ మ్యామ్, రివిజన్ ఫ్రీ అన్నాడు. రెండు రోజుల్లో రివిజన్ వచ్చింది. వాళ్ళు చేసిందల్లా ముర్షిదాబాద్ అన్న ప్రతిచోటా గంజాం అని మార్చెయ్యడం. గంజాం నవాబుల ఆదరణలో పట్టు పరిశ్రమ వర్ధిల్లింది అని ఉంది. భాగీరథి మాత్రం అక్కడే ప్రవహిస్తోంది. మా ఆయన దీన్ని ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చదివి వినిపించారు, ఇప్పటికీ నన్ను అప్పుడప్పుడు నవాబు గారూ అని పిలుస్తారు. ఆ ఫైలుని కాలేజీ లైబ్రరీలో ఉన్న కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూపిస్తే ముప్పై ఎనిమిది శాతం ఎక్కడెక్కడివో వాక్యాలు. 2018లో యూజీసీ పెట్టిన నిబంధనల ప్రకారం పోలిక పది శాతం దాటిందంటే చర్య తీసుకోవచ్చు, అది థీసిసైనా పేపరైనా. ఇది నా పేరు మీద ఢిల్లీ వెళ్ళి ఉంటే? గడువు ఇంకొక్క రోజు ఉందనగా తెలిసింది కాబట్టి పంపలేదు. డబ్బు వెనక్కి అడిగితే మా ఎక్స్‌పర్ట్ టైమ్ ఆల్రెడీ ఖర్చయిపోయింది మ్యామ్ అన్నాడు. తర్వాత నా నంబర్ బ్లాక్ చేశాడు. ఆ ఏడాది పోయింది.

ఇంక ఈ ఏడాది.

ఈసారి ప్రపోజల్ నేనే రాశాను. వేసవి సెలవుల్లో పొద్దున్నే నాలుగున్నరకి లేచి, రోజుకి ఒక పేజీ చొప్పున. అయితే ఆన్‌లైన్ ఫారం, బడ్జెట్ టేబుళ్ళు, ఏ పీడీఎఫ్ ఎంత సైజులో ఉండాలి, ఏ సర్టిఫికెట్ మీద ఎవరి సంతకం కావాలి, ఇవన్నీ చూస్తే నాకు టెన్షన్. మా కాలేజీలో ఒకాయన, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మాస్టారు, ఆ సందులో అన్నయ్య దగ్గరికి వెళ్ళమ్మా, మన తెలుగువాడే, నావన్నీ అక్కడే చేయించాను అన్నారు. అలా వెళ్ళాను.

అన్నయ్యకి యాభై దాటి ఉంటాయి. చదివింది ఇంటర్ దాకా. ఇంగ్లీషు టైపింగు మాత్రం చూసి తీరాలి, మాట్లాడుతూనే కొడుతుంటారు, తప్పులు తక్కువ. నేను ఇచ్చిన చేతిరాత సంగ్రహాన్ని టైప్ చేస్తూ మధ్యలో ఆగి అడిగారు.

"మేడమ్, ఈ జెండర్డ్ లేబర్ అన్న మాట ఈ ఒక్క పేజీలోనే నాలుగుసార్లు వచ్చింది. అంటే ఏం పని?"

చెప్పాను. కండెలు చుట్టడం, అచ్చు అతకడం, అలాంటివి, ఇంట్లో ఆడవాళ్ళు చేసేవి అని.

"ఓహో, అదా. మా అమ్మ చేసేది. రాత్రి పదింటి దాకా రాట్నం దగ్గరే. అయితే అదే రాయొచ్చు కదమ్మా, కండెలు చుట్టడం అని? ఢిల్లీలో చదివేవాడికి నాకు అర్థం కానట్టే ఉంటే?"

మేడమ్ కాస్తా అమ్మా అయింది అక్కడే. నాకు కొంచెం రోషం వచ్చింది, నిజం చెప్తున్నాను, పీహెచ్‌డీ నాది, ఈయనెవరు అని. ఇంటికెళ్ళి రాత్రి మళ్ళీ చదువుకుంటే ఆయన చెప్పిందే కరెక్టు. మొదటి పేరా మొత్తం కొట్టేసి, ఒక చీర మగ్గం ఎక్కేముందు ఇంట్లో ఎవరెవరు ఏ పని చేస్తారో, అందులో కూలి లెక్కలోకి వచ్చేది ఏదో, రానిది ఏదో వరసగా రాశాను. ఇరవై రెండు పేజీల రంగుల ఫైలు ఒక్క ముక్క కూడా చెప్పలేని విషయం అది. మర్నాడు టైప్ చేసేటప్పుడు ఆయన ఏమీ అనలేదు, అంటే బాగుందని అర్థం చేసుకున్నాను.

బడ్జెట్ దగ్గర ఇంకా పెద్ద రభస అయింది. నేను అప్లై చేసింది ఐసీఎస్‌ఎస్‌ఆర్‌కి, అంటే ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ సోషల్ సైన్స్ రీసెర్చ్‌కి, సోషల్ సైన్సుల వాళ్ళకి పెద్ద దిక్కు అదే, 1969నుంచి ఉంది. అందులో ఒక్కో పద్దుకి ఇంతకి మించకూడదని శాతాలు ఉంటాయి, నేను చూసిన గైడ్‌లైన్స్‌లో మనుషుల జీతాలకి నలభై ఐదు, ఫీల్డ్‌వర్కుకి ముప్పై ఐదు, కంప్యూటరు పుస్తకాల్లాంటి వాటికి పది. ఏటికేడు మారొచ్చు కాబట్టి మీరు అప్లై చేసే ఏడు ఇచ్చిన కాగితమే చూసుకోండి, ఎవరో చెప్పిన లెక్క నమ్మకండి. నేనేం చేశానంటే ఫీల్డ్‌వర్కుకి ముప్పై ఐదు శాతం వాడుకోవచ్చు కదా అని ప్రయాణాలకి ఒక గుండు అంకె వేసేశాను, అరవై వేలు. అన్నయ్య టేబుల్ కొడుతూ ఆగారు.

"బిజిపూర్ వెళ్ళడానికి అరవై వేలా? షేర్ ఆటోకి ఇరవై రూపాయలు."

అన్నయ్యా, బిజిపూర్ ఒక్కటే కాదు, జిల్లాలో మిగతా చోట్లకి కూడా వెళ్ళాలి అన్నాను. సరే ఎన్నిసార్లు, ఎంతమంది, ఆటోనా బస్సా అని ఒక పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి రాయడం మొదలెట్టారు. అరగంట కూర్చుని లెక్కేస్తే నిజానికి ప్రయాణాలకి ఇరవై రెండు వేలు సరిపోతాయి. డబ్బు అసలు కావలసింది ఇంకోచోట, ఆ ఇళ్ళలోకి వెళ్ళి రోజంతా కూర్చుని గంట గంటకీ ఎవరేం చేశారో రాసే ఇద్దరు ఆడపిల్లలకి, తెలుగూ ఒడియా రెండూ వచ్చినవాళ్ళకి, ఇవ్వాల్సిన జీతానికి. దానికి నేను తక్కువ వేశాను. అరవై వేలు అక్కడే ఉండిపోయి ఉంటే చదివేవాళ్ళు ఈమెకి తన ఊరే తెలియదు అనుకునేవారు. ఆ క్యాలెండర్ కాగితం నా ఫైల్లో దాచుకున్నాను.

ఇక్కడిదాకా ఐదుకి ఐదు. ఇప్పుడు కోతలు.

మొదటిది తెలుగు టైపింగు. ప్రశ్నావళి తెలుగులోనూ ఒడియాలోనూ జతచెయ్యాలనుకున్నాను. తెలుగు కొట్టేవాళ్ళు బరంపురంలో దొరకడమే గగనం, అన్నయ్య కొడతారు, పేజీకి నలభై తీసుకుంటారు. కానీ ఆయన కొట్టేది పాత అను ఫాంట్లలో. ప్రింటు తీస్తే ముత్యాల్లా ఉంటుంది, శుభలేఖలకి దానంత బాగా ఏదీ ఉండదు. అదే ఫైల్ నా లాప్‌టాప్‌లో తెరిచాను, మొత్తం గుర్తులూ గీతలూ, పిచ్చిగీతలు. ఆన్‌లైన్ పెట్టెలో అతికిస్తే అదే తంతు. పీడీఎఫ్ చేసి పెడితే కనిపిస్తుంది కానీ అందులోంచి ఒక్క మాట కాపీ చేసినా చెత్తే వస్తుంది, రేపు ప్రాజెక్టు వచ్చి ఆ పిల్లలు ఫోన్‌లో ప్రశ్నలు నింపాలంటే పనికిరాదు. ఒడియా వాళ్ళకీ ఇదే గోల, వాళ్ళది ఆకృతి ఫాంటు. చివరికి ఏ ఫోన్‌లోనైనా కంప్యూటర్లోనైనా సరిగ్గా కనిపించే యూనికోడ్‌లో మళ్ళీ మొత్తం నేనే ఫోన్‌లో కొట్టుకున్నాను, ఆరు పేజీలు, బొటనవేలు వాచింది. ఆ రెండు వందల నలభై మాత్రం తీసుకున్నారు, కొట్టిన పనికి కూలి కాబట్టి న్యాయమే. కానీ ముందే ఒక్క మాట అడగాల్సింది, ఎందుకు వాడతావమ్మా, ప్రింటుకా కంప్యూటర్లోకా అని. మీరు వెళ్తే మొదటి మాటే యూనికోడ్ అనండి. వాళ్ళబ్బాయికి వచ్చు, అతను కూర్చున్నప్పుడు వెళ్ళండి.

రెండోది ఇంకా సీరియస్. అక్కడ కంప్యూటర్ తెర మీద అందరి ఫైళ్ళూ అలాగే పడుంటాయి. నా పని జరుగుతుండగా కళ్ళ ముందే ఇంకో కాలేజీ మాస్టారి ప్రపోజల్ కనిపించింది, పేరుతో సహా, ఏ సంస్థకి ఎంత అడుగుతున్నారో కూడా. నాది కూడా ఇలాగే ఎవరో చూస్తారు కదా! రీసెర్చ్ ఐడియా అంటే దాచుకోవలసిన సొత్తు, నలుగురి చేతుల్లో పడితే రేపు అదే మాట ఇంకొకరి పేరు మీద వస్తుంది. పైగా ఫారంతో పాటు ఆధారు, పాను, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ అన్నీ స్కాన్ చేయిస్తాం. ఇదేంటన్నయ్యా అని గట్టిగానే అన్నాను. పాపం ఆయనకి అందులో తప్పేముందో మొదట అర్థం కాలేదు, మళ్ళీ వస్తే ప్రింటుకి పనికొస్తుందని ఉంచుతాం అన్నారు. తర్వాత నా ముందే తీసేశారు, చెత్తబుట్టలోంచి కూడా. పాస్‌వర్డ్ మాత్రం నేను చెప్పలేదు, నేనే కొట్టాను, ఓటీపీ నా ఫోన్‌కే. ఒక్కోసారి పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసిచ్చెయ్యండి, మేం చూసుకుంటాం అంటారు. ఇవ్వకండి. మంచివాళ్ళే, కానీ ఆ కాగితం రేపు ఆలూ చాప్ కింద పొట్లం అవుతుంది. అతిశయోక్తి కాదు, నేను తిన్న పొట్లం ఎవరిదో టీసీ జిరాక్సు.

మూడోది, ఎక్కడ అప్లై చెయ్యాలి అన్నది ఆయన్ని అడక్కండి. అడిగితే యూజీసీ మైనర్ వెయ్యండి అంటారు, పదేళ్ళ కిందట ప్రతి మాస్టారూ అదే వేసేవారు, ఆయన వందల్లో చేసి ఉంటారు. ఆ పాత మైనర్ ప్రాజెక్టుల రోజులు పోయాయి. 2022లో టీచర్స్ డే నాడు యూజీసీ కొత్త పథకాలు ప్రకటించింది, అందులో కొత్తగా చేరిన లెక్చరర్లకి డీ.ఎస్. కొఠారీ పేరు మీద పది లక్షల గ్రాంటు ఒకటి, సర్వీసులో ఉన్నవాళ్ళకి ఒకటి. సైన్సు వాళ్ళకి పైన చెప్పిన అనుసంధాన్ ఫౌండేషన్, ఏఎన్‌ఆర్‌ఎఫ్. మన రాష్ట్రం ఓయూఆర్‌ఐఐపీ అని ఒక రీసెర్చ్ గ్రాంటు పథకం పెట్టింది, ఉన్నత విద్యా మండలి ద్వారా, ఒడిశా కాలేజీల్లో పనిచేసే మనవాళ్ళు చాలామంది దాని పేరు కూడా వినలేదు, అదే నా బాధ. ఇవి మనం వెతుక్కుని, గైడ్‌లైన్స్ ప్రింటు తీసుకుని, ఎరుపు పెన్నుతో గీతలు గీసుకుని వెళ్ళాలి. కొట్టులో చేసేది చేతిపని.

గుణుపురం వైపునించి వచ్చిన కెమిస్ట్రీ కుర్రాడు ఒకడు ఆ రోజే తగిలాడు. సమీకరణాలు రాసుకునే లాటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో రాసుకొచ్చాడు, పీడీఎఫ్‌లో ఒక సమీకరణం మార్చాలట. అన్నయ్య చేతులెత్తేశారు. సైన్సు వాళ్ళు అలాంటి పనికి రాకండి, బైండింగుకి రండి.

ఫార్వర్డింగ్ లెటర్ సంగతికి వస్తే మాత్రం ఈ కొట్టుకి సాటి లేదు. తెలియనివాళ్ళకి చెప్తున్నాను, ప్రపోజల్ మనది అయినా డబ్బు వచ్చేది సంస్థకి, కాబట్టి ప్రిన్సిపాలో రిజిస్ట్రారో ఈవిడ మా ఉద్యోగే, ప్రాజెక్టు వస్తే జాగా ఇస్తాం, లెక్కలు చూస్తాం అని సంతకం పెట్టి సీలు వెయ్యాలి. ఆన్‌లైన్లో నొక్కేస్తే అయిపోదు, నాది నింపాక ప్రింటు తీసి ఆ సంతకాలతో కాగితాలు పోస్టులో కూడా పంపాల్సి వచ్చింది. చాలామంది చివరి రోజు దాకా ఆన్‌లైన్ చూసుకుని, సంతకం సంగతి మర్చిపోయి, ఆ రోజు పెద్దాయన సెలవులో ఉంటే బావురుమంటారు. అన్నయ్య మొదటి రోజే అడిగారు, అమ్మా మీ పెద్దసారు ఊళ్ళో ఉన్నారా అని. లేరు. ముందు ఆ లెటర్ కొట్టిచ్చి, ఇది పట్టుకుని రేపే ఆఫీసులో ఇచ్చెయ్యండి, మిగతాది తర్వాత చూద్దాం అన్నారు. ఆ లెటర్ మీద సంతకం రావడానికి పదకొండు రోజులు పట్టింది, ఎక్కడెక్కడ ఆగిందో రాయను, ఇంకా అక్కడే ఉద్యోగం చెయ్యాలి. ప్రపోజల్ పూర్తయ్యాక మొదలెట్టి ఉంటే ఈ ఏడూ గోవిందా.

ఆయన దగ్గర ఒక అట్ట ఫైలు ఉంది, అందులో అన్ని నమూనాలూ ఉంటాయి, ఫార్వర్డింగ్ లెటరు, వేరే ఎక్కడా ఇదే పనికి డబ్బు తీసుకోలేదన్న హామీ పత్రం, డబ్బు ఖర్చుపెట్టాక ఇవ్వాల్సిన యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే కేంద్ర ఆర్థిక నిబంధనల్లో ఉన్న 12-ఏ ఫారం. ఇది ఇప్పుడెందుకన్నయ్యా, ముందు డబ్బు రానీ అన్నాను. దీనికోసమే జనం ఎక్కువగా వస్తారమ్మా, డబ్బు విడతల్లో వస్తుంది కదా, మొదటి విడత లెక్క సరిగా చూపిస్తేనే రెండోది, బిల్లులు పారేసుకుని ఏడుస్తూ వస్తారు అన్నారు. నన్ను పంపిన మాస్టారిదీ అలాగే ఆగిందట, ఆటో బిల్లులు దాచుకోక. ఆటోవాడు బిల్లిస్తాడా? ఇవ్వడు. అందుకని తేదీ, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎంత అని ఒక పుస్తకంలో రాసి సంతకం పెట్టుకోమన్నారు. నేనిప్పుడే ఆ పుస్తకం కొనేశాను, ఆశ చూడండి.

చివరి రోజు కరెంటు పోయింది. సాయంత్రం నాలుగింటికి, ఫారం సగంలో ఉండగా. నాకు గుండె జారింది. 2013లో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉంది కదా, ఆ తర్వాత కొన్న ఇన్వర్టర్ అమ్మా, జిరాక్స్ మెషీన్ని లాగదు కానీ కంప్యూటర్లని లాగుతుంది అని వెనకాల స్విచ్చు వేశారు. పీడీఎఫ్ సైజు ఎక్కువై ఒకటి ఎక్కలేదు, దాన్ని తగ్గించారు, ఫొటో మీద సంతకం అడ్డంగా వచ్చింది, తిప్పారు. ఆరు నలభైకి అప్లికేషన్ నంబరు వచ్చింది. కాగితాలు రెండు సెట్లు బైండింగు చేయించి మర్నాడు పొద్దున్నే హెడ్ పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు చేశాను. ఆ దరఖాస్తుకి ఫీజంటూ ఏమీ లేదు, ఎవరైనా ఫీజు పేరు చెప్పి డబ్బు అడిగితే గైడ్‌లైన్స్‌లో ఉందా చూడండి.

ఖర్చు మొత్తం పదకొండు వందలు, అందులో ఫారం నింపినందుకు మూడు వందలు. పోస్టు వేరే.

రిజల్టు ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా ఈ రేటింగ్ మారదు, ఎందుకంటే కమిటీ ఏమంటుందో కొట్టు చేతుల్లో ఉండదు. ఆలూ చాప్ పక్కన కూర్చుని ఒక మనిషి నా ప్రపోజల్ మొత్తం చదివాడు, అర్థం కానిచోట ఆపి అడిగాడు, పద్దెనిమిది వేలు తీసుకున్నవాడు అది చెయ్యలేదు.

వెళ్ళేవాళ్ళకి: పొద్దున్న పది లోపు వెళ్ళండి, పదకొండు తర్వాత కాలేజీ పిల్లలు ఫీజుల కోసం ఎగబడతారు, పరీక్ష ఫారాల రోజుల్లో అయితే అసలు మాట్లాడే తీరికే ఉండదు. పెన్‌డ్రైవ్ పెట్టకండి, నాది వైరస్ పట్టుకొచ్చింది, ఫైల్ మెయిల్‌లో పంపుకోండి, పనయ్యాక మెయిల్ మూసేసి, తెర మీద మీ ఫైలు తీయించి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేయించాకే కుర్చీలోంచి లేవండి. ఆయన ఏమీ అనుకోరు, ఇప్పుడు అలవాటు చేశాను.